ఆకు చెల్లించే మూల్యం: పత్రరంధ్రాల ద్వారా వాయు, జల వినిమయం – వర్షాధార వేరుశనగ సాగుకు అన్వయం

మొక్క వేర్ల ద్వారా గ్రహించిన నీటిలో 95 శాతానికి పైగా ఆకుల నుండి ఆవిరి రూపంలో గాలిలో కలిసిపోతుంది. మొక్క దేహంలో నిలిచేది, ఆహార తయారీలో నేరుగా వినియోగమయ్యేది అతి స్వల్ప భాగం. ఈ వాస్తవాన్ని తొలిసారి తెలుసుకొన్న విద్యార్థికైనా, రైతుకైనా సహజంగా కలిగే సందేహం ఒకటే. చినుకు చినుకుకు లెక్క చూసుకోవలసిన మెట్ట ప్రాంతంలో ఇంత నీరు ఆకు గుండా పోవడం వృథా కాదా? దానిని అరికడితే పంట బెట్టను తట్టుకోదా?

ఆకు నుండి నీరు పోయే ద్వారం, ఆకులోనికి ఆహారపు ముడిసరుకైన కార్బన్ డయాక్సైడ్ ప్రవేశించే ద్వారం ఒక్కటే. ఆ ద్వారం మూసివేస్తే నీటితో పాటు దిగుబడి కూడా ఆగిపోతుంది. కనుక బాష్పోత్సేకాన్ని పంట తన ఆహారానికి చెల్లించే మూల్యంగా భావించాలి. నీటి పొదుపుకు అసలైన అవకాశం, ఆకును చేరకముందే చేను నుండి తప్పిపోయే నీటిలో ఉంది. ఈ విషయాన్ని సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే గల అనంతపురం ప్రాంతపు ఎర్రనేలల్లోని వర్షాధార వేరుశనగ ఆధారంగా ఈ వ్యాసంలో వివరించడమైనది.

పత్రరంధ్రాల నిర్మాణం, పనితీరు

ఆకు ఉపరితలంపై మైనపు వంటి అవభాసిని పొర ఉంటుంది. నీటి ఆవిరి గాని, కార్బన్ డయాక్సైడ్ గాని ఈ పొర గుండా చెప్పుకోదగినంతగా ప్రసరించవు. వాటి రాకపోకలు ప్రధానంగా పత్రరంధ్రాల ద్వారానే జరుగుతాయి. సాధారణంగా పంట మొక్కల ఆకుపై ప్రతి చదరపు మిల్లీమీటరులో 100 నుండి 300 వరకు పత్రరంధ్రాలుంటాయి. అవన్నీ పూర్తిగా తెరచుకొన్నా, వాటి మొత్తం వైశాల్యం ఆకు వైశాల్యంలో రెండు శాతానికి మించదు. వేరుశనగలో పత్రరంధ్రాలు ఆకు పై వైపు, అడుగు వైపు కూడా ఉంటాయి.

ప్రతి పత్రరంధ్రానికి ఇరువైపులా రెండు రక్షక కణాలుంటాయి. ఉదయపు వెలుతురు సోకగానే ఈ కణాలలోనికి పొటాషియం అయాన్లు చేరుతాయి. వాటి వెంట ద్రవాభిసరణ వల్ల నీరు ప్రవేశించి, కణాలు ఉబ్బి, వాటి మధ్య రంధ్రం తెరచుకొంటుంది. పొటాషియం బయటకు వెళ్ళిపోగానే నీరు కూడా వెళ్ళి, కణాలు సడలి, రంధ్రం మూసుకొంటుంది. నేలలో తేమ తగ్గినప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి, రక్షక కణాలను మూసుకొనే దిశగా ప్రేరేపిస్తుంది. అందువల్ల ఆకు వాడిపోవడానికి ముందే పత్రరంధ్రాలు పాక్షికంగా మూసుకొని ఉండవచ్చు. పైకి పచ్చగా కనిపిస్తున్న పైరులో పెరుగుదల మందగించడానికి ఇది ఒక కారణం.

నేల నుండి ఆకాశానికి నీటి ప్రయాణం

మొక్క నుండి ఆవిరయ్యే నీటిని శాస్త్రీయంగా కొలిచిన తొలి పరిశోధకులలో ఆంగ్లేయుడైన స్టీఫెన్ హేల్స్ ముఖ్యుడు. కుండీలో పెరుగుతున్న పొద్దుతిరుగుడు మొక్కను ఆయన తూకం వేస్తూ, తగ్గిన బరువును బట్టి బాష్పోత్సేకాన్ని లెక్కించి, ఆ ఫలితాలను 1727లో ప్రచురించాడు. కుండీలోని మట్టి నుండి నీరు నేరుగా ఆవిరి కాకుండా దాని మూతిని సీసపు రేకుతో కప్పడం ఆ ప్రయోగంలోని కీలకాంశం. మట్టి నుండి పోయే నీరు వేరు, ఆకు నుండి పోయే నీరు వేరు అన్న ఈ విభజన నేటి సాగు నీటి యాజమాన్యానికి కూడా పునాది.

వేరు నుండి ఆకు వరకు నీరు ఎలా ఎక్కుతుందన్న ప్రశ్నకు 1894లో డిక్సన్, జోలీ అనే ఐరిష్ శాస్త్రవేత్తలు సమాధానం ప్రతిపాదించారు. ఆకులోని తడి కణకుడ్యాల నుండి నీరు ఆవిరవుతున్నకొద్దీ, దారునాళాలలోని నీటిపై పైవైపుకు లాగుడు ఏర్పడుతుంది. నీటి అణువులకు పరస్పర ఆకర్షణ ఉండడం వల్ల ఈ నీటిధార తెగకుండా వేరు వరకు తాడులా లాగబడుతుంది. ఇందుకు కావలసిన శక్తిని సూర్యరశ్మి, పొడిగాలి సమకూరుస్తాయి. మొక్క తన ఆహారంలో నుండి ఈ పనికి దాదాపుగా ఏమీ ఖర్చు చేయదు. నేల ఎండుతున్నకొద్దీ మట్టి రేణువులు నీటిని మరింత గట్టిగా పట్టుకొంటాయి. లాగుడు మరీ పెరిగితే నాళాలలో గాలి బుడగలు ఏర్పడి నీటిధార తెగిపోతుంది. పత్రరంధ్రాలు మూసుకోవడం ఈ ప్రమాదం నుండి మొక్కకు రక్షణ కల్పిస్తుంది.

ఒక అణువు కార్బన్ డయాక్సైడ్‌కు ఎంత నీరు?

వాయువులు ఎక్కువ గాఢత నుండి తక్కువ గాఢతకు విసరణ చెందుతాయి. ఆకు లోపలి గాలి నీటి ఆవిరితో దాదాపు సంతృప్తమై ఉంటుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సంతృప్త ఆవిరి పీడనం 4.24 కిలోపాస్కళ్ళు. అదే ఉష్ణోగ్రతలో 60 శాతం తేమ గల బయటి గాలిలో ఇది 2.54 కిలోపాస్కళ్ళు ఉంటుంది. అంటే లోపలికి, బయటికి మధ్య తేడా 1.7 కిలోపాస్కళ్ళు. గాలి మొత్తం పీడనాన్ని 100 కిలోపాస్కళ్ళుగా తీసుకొంటే, ఇది పది లక్షల అణువులకు 17,000 అణువుల తేడాతో సమానం.

కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఈ తేడా చాలా చిన్నది. బయటి గాలిలో దాని గాఢత పది లక్షలకు సుమారు 420 భాగాలు. వేరుశనగ, వరి వంటి సి-3 పంటల ఆకు లోపల అది బయటి గాఢతలో సుమారు 70 శాతం, అంటే 294 భాగాలు ఉంటుంది. తేడా 126 భాగాలు మాత్రమే. పైగా నీటి అణువు తేలికైనది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ కంటే 1.6 రెట్లు వేగంగా ప్రసరిస్తుంది. వీటన్నిటినీ కలిపి లెక్కిస్తే, ఒక అణువు కార్బన్ డయాక్సైడ్ ఆకులోనికి రావడానికి సుమారు 216 అణువుల నీరు బయటకు పోతుంది. బరువు ప్రకారం చూస్తే ఒక గ్రాము చక్కెర తయారీకి సుమారు 130 గ్రాముల నీరు ఖర్చవుతుంది. రాత్రి శ్వాసక్రియలో, వేర్ల పోషణలో, నూనె తయారీలో ఈ చక్కెరలో కొంత భాగం ఖర్చవుతుంది. కాబట్టి ఒక గ్రాము గింజకు అయ్యే నీటి ఖర్చు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

అదే ఆకు, అదే పత్రరంధ్రం ఉన్నా గాలి మారితే ఈ లెక్క మారిపోతుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు పెరిగి, గాలిలో తేమ 30 శాతానికి తగ్గితే ఆవిరి పీడన లోటు 1.7 నుండి 3.93 కిలోపాస్కళ్ళకు పెరుగుతుంది. అప్పుడు ఒక అణువు కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 500 అణువుల నీరు పోతుంది. అంటే ఉదయపు చల్లని వేళ చేసుకొన్న ఆహారం చవక. మిట్టమధ్యాహ్నపు వడగాలిలో చేసుకొన్న ఆహారం ఖరీదైనది. తగినంత తేమ లేని పైరు ఎండ తీవ్రంగా ఉన్న వేళల్లో పత్రరంధ్రాలను కుదించుకోవడంలోని అంతరార్థం ఇదే. వర్షాకాలపు మబ్బు, తేమ గల వాతావరణంలో పంట కొద్ది నీటితో ఎక్కువ ఆహారం తయారు చేసుకోగలదు. కనుక సకాలంలో విత్తిన పైరు వర్షంతో పాటు ఆ తేమ గల గాలినీ ఉపయోగించుకొంటుంది.

పంటల మధ్య భేదాలు

మొక్కజొన్న, జొన్న, సజ్జ, కొర్ర వంటి సి-4 పంటలు ఆకు లోపలి కార్బన్ డయాక్సైడ్ గాఢతను బయటి గాఢతలో సుమారు 40 శాతానికి తగ్గించగలవు. తేడా పెరగడం వల్ల అంతే నీటి ఖర్చుతో ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ లోనికి వస్తుంది. పై లెక్కలో 216గా వచ్చిన సంఖ్య ఈ పంటలలో సుమారు 108కి, అంటే సగానికి తగ్గుతుంది. అనాస, బ్రహ్మజెముడు వంటి మొక్కలు మరొక మార్గం అనుసరిస్తాయి. అవి గాలి చల్లగా ఉండే రాత్రివేళ పత్రరంధ్రాలు తెరచి, కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్ల రూపంలో నిల్వ చేసుకొని, పగలు రంధ్రాలు మూసి ఆహారం తయారు చేసుకొంటాయి. నీటి పొదుపు అధికమే కాని, పెరుగుదల సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో బ్రిగ్స్, షాంట్జ్ అనే శాస్త్రవేత్తలు గత శతాబ్దపు రెండవ దశకంలో, మట్టి నుండి నీరు ఆవిరి కాకుండా మూసిన కుండీలలో వివిధ పంటలను పెంచి కొలతలు తీశారు. ఒక కిలో పొడి పదార్థం తయారీకి జొన్నకు సుమారు 320, మొక్కజొన్నకు 370, గోధుమకు 510, ఆల్ఫాల్ఫా పశుగ్రాసానికి 830 కిలోల నీరు అవసరమైనట్లు వారు గుర్తించారు. సి-4 విధానం అప్పటికి కనుగొనబడలేదు. అయినప్పటికీ ఆ భేదం వారి కుండీల తూకంలోనే స్పష్టమైంది.

ఒకే పంటలోని రకాల మధ్య కూడా భేదాలున్నాయి. ప్రకృతిలోని కార్బన్‌లో తేలికైన, బరువైన ఐసోటోపులు రెండూ ఉంటాయి. సి-3 మొక్క సహజంగా తేలికైన దానిని ఎక్కువగా స్వీకరిస్తుంది. ఆకు లోపల కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉన్నకొద్దీ ఈ ఎంపిక తగ్గుతుంది. కాబట్టి ఎండిన ఆకును పరీక్షించి ఆ మొక్క నీటి వినియోగ సామర్థ్యాన్ని అంచనా వేయవచ్చు. ఈ సంబంధాన్ని వేరుశనగ రకాలలో హ్యూబిక్, ఫార్క్యూహార్, షార్టర్ 1986లో నిరూపించారు. ఆకు మందాన్ని, పత్రహరితపు సాంద్రతను సులువైన సూచికలుగా వాడే పద్ధతులు ఆ తరువాత వేరుశనగ ప్రజననంలో ప్రవేశించాయి. అయితే తక్కువ నీటిని వాడే రకం తక్కువగా పెరిగే రకం కూడా కావచ్చు. అందుచేత నేలలోని తేమను లోతు నుండి తెచ్చుకొని, ఆకు గుండా పూర్తిగా వినియోగించుకొని, దానిని కాయగా మార్చగల రకమే మెట్టకు అనువైనది.

పత్రరంధ్రాలు మూసుకొన్నప్పుడు

ఎండగా ఉన్న రోజున నిండుగా అలముకొన్న పైరు సుమారు 4 మి.మీ. నీటిని బాష్పోత్సేకం చేస్తుందనుకొందాం. అది ఎకరానికి 16,000 లీటర్లకు పైగా అవుతుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి 2.45 మెగాజౌళ్ళ ఉష్ణం కావాలి. కాబట్టి ఒక చదరపు మీటరు పైరు ఆ రోజున 9.8 మెగాజౌళ్ళ వేడిని వదిలించుకొన్నట్లు లెక్క. ఆ చదరపు మీటరుపై నిర్మలమైన రోజున పడే సూర్యశక్తి సుమారు 20 మెగాజౌళ్ళు. అంటే ఎండ వేడిమిలో దాదాపు సగాన్ని ఆకు ఈ నీటితోనే తొలగించుకొంటున్నది. పత్రరంధ్రాలు మూసుకొంటే ఆహార తయారీ తగ్గడంతో పాటు ఆకు వేడెక్కుతుంది. నీరు అందుతున్న పైరు ఆకు మధ్యాహ్నం చేతికి చల్లగా తగలడం, బెట్టకు గురైన ఆకు వెచ్చగా తగలడం ఇందుకే.

బాష్పోత్సేక నిరోధకాల విషయంలో ఈ సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. పత్రరంధ్రాలను మూసే రసాయనాలు గాని, ఆకుపై పొరగా ఏర్పడే పదార్థాలు గాని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా అడ్డుకొంటాయి. కయోలిన్ వంటి తెల్లని బంకమట్టి ఎండను పరావర్తనం చేసి ఆకు ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది కనుక కొంత మేలు. అయినప్పటికీ వీటి ఉపయోగం తీవ్రమైన బెట్టలో పైరును బ్రతికించుకోవడానికే పరిమితం. తేమ ఉన్నప్పుడు వీటిని వాడడం వల్ల దిగుబడికి ప్రయోజనం చేకూరదు.

వేరుశనగకు ఈ విషయంలో స్వతస్సిద్ధమైన నేర్పు ఉంది. బెట్టలో దాని ఆకులు దగ్గరగా ముడుచుకొని ఎండకు అంచు మాత్రమే తగిలేలా నిలుస్తాయి. ఆకు అడుగు భాగంలోని పెద్ద కణాలు కొంత నీటిని నిల్వ ఉంచుకొంటాయి. వర్షం పడగానే పైరు తిరిగి తేరుకోగలగడానికి ఈ లక్షణాలు తోడ్పడతాయి.

పొదుపు చేయవలసిన నీరు

చేనులో నీరు పోయే మార్గాలు ముఖ్యంగా నాలుగు: ఉపరితల ప్రవాహం, వేర్లకు అందని లోతుకు ఇంకిపోవడం, నేల ఉపరితలం నుండి నేరుగా ఆవిరి కావడం, కలుపు మొక్కల బాష్పోత్సేకం. వీటిలో ఏదీ కాయగా మారదు. ఎకరానికి ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. ఈ మార్గాలలో మిగిల్చిన ప్రతి మిల్లీమీటరు ఆకు గుండా పోయే అవకాశం పొందుతుంది.

నేల ఉపరితలం తడిగా ఉన్నంతసేపు నీరు వేగంగా ఆవిరవుతుంది. పైపొర ఎండగానే ఆ పొడి మట్టే అడుగు తేమకు కప్పుగా పనిచేసి, నష్టం తగ్గుతుంది. కనుక తరచుగా పడే చిన్న జల్లులలో అధిక భాగం వేరును చేరకుండానే పోతుంది. విత్తిన తరువాత మొదటి 30 నుండి 35 రోజులలో సాళ్ళ మధ్య నేల బయటపడి ఉంటుంది. నీటి నష్టం ఆ దశలోనే అధికం. సిఫారసు చేసిన మొక్కల సాంద్రతను పాటించడం, మొలక లోపాలు లేకుండా చూడడం, పైరు త్వరగా నేలను కప్పేలా పోషకాలు అందించడం అందుకే నీటి యాజమాన్యంలో భాగాలు. వాలుకు అడ్డంగా విత్తడం, చాళ్ళు తీయడం ద్వారా వాన నీటిని ఎక్కడికక్కడ ఇంకించాలి. పంట వ్యర్థాలతో నేలను కప్పడం మంచిదే గాని, వేరుశనగ కట్టె పశువులకు ప్రధాన మేత అయిన ప్రాంతంలో అది అందరికీ సాధ్యం కాదు. అటువంటి చోట గుంటకతో చేసే అంతరకృషి పైపొరను గుల్లపరచి, కలుపును తొలగించి, రెండు నష్టాలనూ ఒకేసారి తగ్గిస్తుంది. ఊడలు నేలలోనికి దిగే దశ మొదలైన తరువాత, అంటే 45 రోజులు దాటాక అంతరకృషి చేయరాదు. కావున కలుపు నివారణ అంతకు ముందే పూర్తి కావాలి.

కాయకు చేరని కాల్షియం

బాష్పోత్సేక ప్రవాహం నీటితో పాటు నేలలోని ఖనిజ పోషకాలను కూడా పైకి తీసుకొని పోతుంది. కాల్షియం దాదాపు పూర్తిగా ఈ ప్రవాహంపైనే ఆధారపడుతుంది. ఆకును చేరిన కాల్షియం అక్కడి నుండి తిరిగి ఇతర భాగాలకు తరలదు. వేరుశనగ కాయ నేలలో ఉండడం వల్ల దాని నుండి నీరు ఆవిరి కాదు. కనుక వేరు గ్రహించిన కాల్షియం ఆకులకు చేరుతుంది గాని కాయకు చాలినంత చేరదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుండి నేరుగా దానిని గ్రహించాలి. ఎకరానికి 200 కిలోల జిప్సంను ఊడలు దిగే దశలో మొక్కల మొదళ్ళ వద్ద వేయాలన్న సిఫారసుకు ఇదే మూలం. ఈ సమయంలో పైపొరలో తేమ లేకపోతే, లోతులోని తేమతో ఆకులు పచ్చగా ఉన్నప్పటికీ, కాయ కాల్షియంను గ్రహించలేక గింజ కట్టదు. టమాటలో కాయ అడుగున నల్లగా కుళ్ళడం కూడా ఇటువంటి కాల్షియం లోపం వల్లనే సంభవిస్తుంది.

నేలలోని గాలి

వాయు వినిమయం ఆకుకే పరిమితం కాదు. వేరుకు శ్వాసక్రియ కోసం ఆక్సిజన్ కావాలి. వేరుశనగ బుడిపెలలోని సూక్ష్మజీవులు నత్రజనిని స్థిరీకరించడానికి నేలలోని గాలి నుండి ఆ వాయువు అందాలి. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా ప్రసరిస్తుంది. మట్టి రంధ్రాలు నీటితో నిండిపోతే వేరు ఊపిరాడని స్థితికి చేరి, నీటిని గ్రహించే శక్తిని కోల్పోతుంది. నల్లరేగడిలో భారీ వర్షం తరువాత ఎండ కాయగానే, నీరు నిలిచిన చోటే పత్తి వాడిపోవడం ఇందువల్లనే. వరిలో ఆకుల నుండి వేర్లకు గాలిని చేరవేసే మార్గాలు కణజాలంలోనే ఉండడం వల్ల ఆ పంట నిలువ నీటిలో పెరగగలుగుతుంది. మిగిలిన పంటలకు మురుగునీటి సౌకర్యం సాగునీటితో సమానమైన అవసరం.

ఒక్క తడి ఎప్పుడు?

పంటకుంటలో నిలిచిన నీటితో ఎకరానికి ఒక 10 మి.మీ. తడి ఇవ్వడానికి సుమారు 40,000 లీటర్లు కావాలి. ఆ నీరు ఒక్కసారికే సరిపోయేటట్లయితే దానిని ఏ దశలో వినియోగించాలన్నది రైతు ఎదుట నిలిచే క్లిష్టమైన ప్రశ్న. ఇరవై రోజుల పైరుకు ఇస్తే అధిక భాగం బయటపడిన నేల నుండి ఆవిరవుతుంది. అంతేకాక, వేరుశనగ పూతకు ముందు కొద్దిపాటి బెట్టను తట్టుకొంటుంది. వేరు లోతుకు దిగడానికి అది సహాయపడుతుంది. నీటి వసతి గల వేరుశనగలో కూడా మొలకెత్తిన పైరుకు 20 నుండి 25 రోజుల వరకు తడి ఇవ్వకపోవడం వాడుకలో ఉన్న పద్ధతే. ఊడలు దిగే దశ, కాయలు ఊరే దశల నాటికి ఆకులు నేలను కప్పి ఉంటాయి. అప్పుడిచ్చిన నీటిలో ఎక్కువ భాగం ఆకు గుండానే పోతుంది. పైపొర తడిసి కాల్షియం కూడా కాయకు అందుతుంది. కనుక ఒకే తడి సాధ్యమైనప్పుడు దానిని ఈ దశలకు కేటాయించాలి. తుంపర పద్ధతిలో ఇచ్చేటప్పుడు గాలి నెమ్మదించిన సాయంత్రం, రాత్రి లేదా తెల్లవారుజాము వేళలు అనుకూలం.

తడి అవసరాన్ని నిర్ణయించేటప్పుడు మధ్యాహ్నపు వాడును ప్రమాణంగా తీసుకోరాదు. ఆవిరయ్యే వేగాన్ని వేరు అందుకోలేనప్పుడు తేమ ఉన్న నేలలో కూడా ఆకు తాత్కాలికంగా వాడుతుంది, సాయంత్రానికి తేరుకొంటుంది. సూర్యోదయానికి ముందు కూడా ఆకులు తేరుకోకుండా వ్రేలాడుతూ ఉంటే నేలలో తేమ నిజంగా అడుగంటిందని గ్రహించాలి.

మారుతున్న వాతావరణం

హవాయిలోని మౌనాలోవాలో 1958లో కొలతలు ప్రారంభించినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు సుమారు 315 భాగాలు. నేడు అది 420 దాటింది. గాఢత పెరిగినకొద్దీ పత్రరంధ్రాలు కొంత మూసుకొని ఉన్నా సి-3 పంటకు ఆహారం అందుతుంది. ఇది నీటి లెక్కలో అనుకూలాంశం. కాని ఉష్ణోగ్రత పెరిగితే ఆవిరి పీడన లోటు కూడా పెరుగుతుంది. 30 డిగ్రీల వద్ద 4.24 కిలోపాస్కళ్ళున్న సంతృప్త ఆవిరి పీడనం 35 డిగ్రీల వద్ద 5.62కి, 40 డిగ్రీల వద్ద 7.38కి చేరుతుంది. వర్షాల మధ్య విరామం పెరిగి, గాలి పొడిబారిన సంవత్సరాలలో ఒక చేతితో వచ్చిన లాభం మరొక చేతితో పోయే ప్రమాదముంది.

ముగింపు

బాష్పోత్సేకం, ఆహార తయారీ ఒకే ద్వారం గుండా జరిగే వినిమయంలోని రెండు భాగాలు. ఆ ద్వారం తెరచి ఉన్నంతకాలమే పంట పెరుగుతుంది. కావున మెట్ట సేద్యంలో విస్తరణ సిబ్బంది, రైతులు ప్రతి పనిని ఒక ప్రశ్నతో పరీక్షించుకోవాలి: ఈ పని వల్ల చేనులో పడిన నీటిలో ఎంత భాగం పంట ఆకు గుండా పోతుంది? సకాలంలో విత్తడం, సరైన సాంద్రత, తొలి 45 రోజులలో కలుపు నివారణ, వాన నీటిని ఇంకించడం, ఊడల దశలో జిప్సం, కాయ ఊరే దశలో ఒక తడి – ఇవన్నీ విడివిడి సిఫారసులుగా కనిపించినా వాటి లక్ష్యం ఒకటే. అరకొరగా కురిసిన వర్షాన్ని మట్టి నుండి నేరుగా గాలికి పోనీయకుండా ఆకు మార్గం పట్టించగలిగిన చేనులోనే కాయ నిండుతుంది.